మట్టిని అడిగిన చలికాలం

ఆ ఏడు వరికోతలు పూర్తికాకముందే సావిత్రికి దగ్గు మొదలైంది. ఎప్పుడూ పుష్యమాసంలో వచ్చే దగ్గు. ముందే వచ్చిందంటే ఈసారి గట్టిగా పట్టుకుంటుందని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట పైకి అనుకోలేదు. నేను అల్లం దంచి కషాయం కాచి ఇచ్చాను. ఆమె తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

మాది జగదల్‌పూర్ నుంచి కొంటా పోయే రోడ్డులో కొండదారి ఘాటీ దిగకముందు పక్కకు తిరిగితే వచ్చే కొండ ఊరు. కింద మైదానంలో ఉన్న కొంటాలో జనం ఫ్యాన్ల కింద పడుకునే రోజుల్లో కూడా ఇక్కడ పొద్దున్నే గడ్డి మంచుకు తెల్లబడి ఉంటుంది. ఊళ్లో తెలుగిల్లు మాదొక్కటే. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో మేము. ఉప్పు, నూనె, సబ్బులు అమ్ముతాను. చింతపండు, ఇప్పపువ్వు కొంటాను. మాకు పిల్లలు లేరు.

జగదల్‌పూర్ దవాఖానాలో డాక్టరమ్మ సావిత్రి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"గదిలో గోర్సీ పెడతారా?" అంది. గోర్సీ అంటే మట్టి కుంపటి. ఈ కొండల్లో అది లేని ఇల్లు లేదు.

"పెడతం. లేకపోతే బతకలేం గదమ్మా."

"పొగ ఆపకపోతే ఈ ఊపిరితిత్తులు ఎక్కువ రోజులు పనిచెయ్యవు. చలి తగిలినా అంతే."

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక సావిత్రి అంది, "పొగ వద్దంటది. చలి వద్దంటది. మరి నన్ను ఏడ పెట్టాలంటదో అది మాత్రం చెప్పలే."

ఏడ పెట్టాలో ఆమె తమ్ముడు ప్రేమ్‌కుమార్‌కు తెలుసు. కొంటాలో హైవే పక్కన అతనికి పెద్ద కొట్టుంది. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"పుష్యంలో గాడీ తీసుకొని వస్త బావా. అక్కను పంపు. ఆ కొండ మీద ఇంకా ఏముందని? ఇక ఇక్కడనే ఉంటది." కాసేపాగి, "నువ్వు కూడా రా" అన్నాడు.

ఆగి అన్న మాట కదా, దాని బరువెంతో నాకు తెలిసింది. చింతకాయ దించే రోజులు ముందున్నాయి. కొట్టు మూసేసి పోయి బావమరిది అరుగు మీద కూర్చుని వచ్చేపోయే లారీలు చూసే మనిషిని కాను నేను. సావిత్రి పోతే మాత్రం ఈ గోడలకు ఇల్లు అన్న పేరు ఉండదు. ఇది కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

వాసవికి మాత్రం ఎట్లా తెలిసిందో తెలియదు. వాసవి ప్రేమ్‌కుమార్ కూతురు. జగదల్‌పూర్‌లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు నడుపుతుంది. కొండ మీదికి మోటారుసైకిల్ మీదే వచ్చింది. దిగుతూనే మాటలు మొదలుపెట్టింది.

"మామా, నీ కొట్టుల ఫ్రిజ్ ఆడుతున్నదా? లోపల చెయ్యి పెట్టు."

పెట్టాను.

"ఎట్లున్నది?"

"చల్లగ."

"ఇప్పుడు ఎనక పెట్టు."

వెనక వెచ్చగా ఉంది. అక్కడ చెయ్యి పెట్టే పనే లేదు. పక్కింటి మంగి ముసలిదాని కుక్క చలికాలమంతా అక్కడే పడుకుంటుంది.

"లోపలి సీసాల్ల ఉన్న వేడి పీకి ఎనక పారేస్తున్నది. మంచి వేడి మామా, కుక్క పాలు చేస్తున్నవు. ఇప్పుడు ఏమనుకో అంటే, ఫ్రిజ్ లోపల ఉన్నది నీ పెరట్ల మట్టి. ఫ్రిజ్ ఎనక ఉన్నది అత్త పండుకునే గది."

సావిత్రి మంచం మీది నుంచే అడిగింది. "మట్టిల వేడి ఏడిదే?"

"చలికాలం పొద్దుగాల బాయిల నీళ్లు చేదుతవు గదా అత్తా. ఎట్లుంటయి?"

"గోరువెచ్చగ. పొగలొస్తయి."

"మరి? ఆ వేడి ఎవరిచ్చిన్రు? నిలువెత్తు లోతుకు పోతే మట్టికి చలికాలం, ఎండాకాలం తెల్వదు. ఎప్పుడూ ఒక్క తీరుగనే ఉంటది. ఆడ గొట్టాలు పరిచి నీళ్లు తిప్పుతం. నీళ్లు చల్లగ పోతయి, మట్టి దగ్గర కొంచెం వేడి ఎత్తుకొని వస్తయి. కావడి మోసినట్టు, మళ్లీ పోతయి, మళ్లీ తెస్తయి. ఆ కొంచెం కొంచెం వేడిని మిషను ఒత్తి చిక్కగ చేస్తది. చేసి, నీ గది నేల కింద పరిచే గొట్టాలకు ఇస్తది. పొగ లేదు, మంట లేదు. నేలే ఎచ్చగుంటది."

"ఇంత తిప్పలెందుకు? హీటరు పెట్టుకుంటే పాయె."

"మీ ఊరి కరెంటుకు హీటరా?"

ఆ మాట నిజమే. పోయిన చలికాలం హీటరు పెడితే మా వరసలో ఉన్న బల్బులన్నీ ఎర్రబడ్డాయి. మంగి కర్ర పట్టుకుని వచ్చింది.

"హీటరు కరెంటును కాల్చి వేడి పుట్టిస్తది అత్తా. ఇది పుట్టించదు, మోసుకొస్తది. కరెంటు ఆ మోసేటోడికి పెట్టే కూడు, అంతే. కూడు ఒక వంతయితే వాడు తెచ్చే బరువు మూడు, నాలుగు వంతులు."

ఒక అతిథిగృహం వాళ్లు పాత కట్టడం పడగొడుతూ తీసేసిన చిన్న మిషను తన షాపులో ఉందట. బాగుచేసి పెట్టిందట. నన్ను చూసింది.

"సరే" అన్నాను.

"అత్తా, మామ సరే అన్నడు! ఇక ఈ ఏడుకు ఆయన మాటల కోటా అయిపోయింది."

మా ఊళ్లో నాగలి దిగేంత కంటే లోతు తవ్వాలంటే ఆయతును అడగాలి. ఆయతు మట్టి పూజారి. మనిషి నాకంటే చిన్నవాడే, పీలగా ఉంటాడు. మట్టి విషయంలో మాత్రం సర్పంచి కూడా అతని ముందు కిందే కూర్చుంటాడు. కొట్టు ముందు చాప వేసి కూర్చోబెట్టాం. ఏం తవ్వుతారో అతను ఇక్కడి భాష హల్బీలో అడిగాడు. వాసవి ఆ భాషలోనే చెప్పింది. ఫ్రిజ్ దగ్గరికి తీసుకుపోయి వెనక చెయ్యి కూడా పెట్టించింది.

ఆయతు వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మిషను గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"ఎంత తీసుకుంటరు?" అన్నాడు.

"అత్త గదికి సరిపడ."

"ఎప్పుడు తిరిగి ఇస్తరు?"

ఇట్లా అడుగుతాడని వాసవి అనుకోలేదు. కాసేపు నేల మీద వేలితో గీతలు గీసి లెక్క చూసుకుంది.

"ఎండాకాలం ఎండ నింపుతది కాకా. వాన పడితే నీళ్లతోటి దిగుతది. అది చాలకపోతే, ఎండలల్ల మిషనును తిరగేస్తం. ఇంట్లో వేడిని తీసుకపోయి మట్టికిస్తది. ఎక్కువ ఆశపడి తీస్తే మట్టి చల్లబడి, మాకే ఏం రాదు."

"తీసుకొని ఇచ్చేదయితే అడగొచ్చు" అన్నాడు ఆయతు.

మరునాడు పెరట్లో గుడ్డు పెట్టి, దొన్నెలోంచి ఇప్పసారా ధారపోసి, గొణుక్కుంటూ మట్టిని అడిగాడు. లేస్తూ ఒక షరతు పెట్టాడు. తెరిచి మూసిన మట్టిని మాటి తిహార్ దాకా మళ్లీ తెరవకూడదు. మాటి తిహార్ అంటే ఇక్కడి మట్టి పండుగ. చైత్రంలో వస్తుంది. అది అయ్యాకే ఎవరైనా విత్తనం చేతబడతారు.

కోతలు ముగించిన కుర్రాళ్లు వచ్చి పెరడంతా పాములాగా మెలికలు తిరిగే కందకం తవ్వారు. పైన ఎర్రమట్టి, దాని కింద చేతికి అంటుకునే పసుపుపచ్చటి తడిమట్టి. వాసవి నల్లటి గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా పరిచింది. గదిలో నేల పెళ్లగించి అక్కడ కూడా సన్నటి గొట్టం పరిచి, మట్టితో మెత్తి అలికించింది. పెంకుల సందుల్లోంచి వేడి పోతుందని గదికి పైన వెదురు తడికలు కట్టించి, వాటి మీద మందంగా వరిగడ్డి వేయించింది.

"గడ్డి మంచి దుప్పటి అత్తా. ఎచ్చదనాన్ని బయటికి పోనియ్యదు."

సావిత్రి తల ఊపుతూ విన్నది. ఆమె ఏ పని చేసినా అంతే, చెప్పింది చెప్పినట్టు బుర్రలో పెట్టుకుంటుంది.

తర్వాత వాసవి ఏదో వాల్వు కోసం జగదల్‌పూర్ పోయింది. నేను పక్క ఊరి సంతకు పోయాను. తిరిగివచ్చేసరికి కందకం పూడ్చేసి, పైన చదును చేసేశారు. పెరటి మూల గడ్డివామి సగానికి సగం దిగిపోయి ఉంది. తడికల మీదికి పోయిందనుకున్నాను.

వాసవి తిరిగొచ్చి మిషను ఆడించిన మరుసటి రోజుకే నేల వెచ్చబడింది. వేడి అనడానికి లేదు. పసిపిల్ల పడుకుని లేచిన జాగాలాగా ఉంది. సావిత్రి చెప్పులు విడిచి ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. మంగి వచ్చి గుమ్మంలో నిలబడి పాదం ఒకటి లోపల పెట్టి చూసింది. రెండోది పెట్టింది. ఇంకేమీ అనకుండా గది మధ్యలో వెల్లకిలా పడుకుంది.

"లేవే, నా నేల నాకుండనియ్యి" అంది సావిత్రి.

"నువ్వు మంచం మీద పడుకో సేఠానీ. నేనిక్కడ సచ్చిపోత."

వారం తిరగకముందే మిషను ఆగింది. కాసేపటికి తనంతట తానే మొదలై మళ్లీ ఆగింది. మట్టిలోంచి వచ్చే గొట్టాన్ని పట్టుకుంటే చల్లదనానికి వేళ్లు జివ్వుమన్నాయి. నేల చల్లబడింది. పుష్యం వచ్చింది.

సావిత్రి మిషనును ఒక్క మాట అనలేదు. ఒక పొద్దున వంట మూలలో గోర్సీ మీదికి వంగి కనబడింది. మూలిగేందుకు కూడా ఊపిరి లేనట్టు దగ్గుతోంది. ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంది. నేను గోర్సీ ఎత్తి బయట పెట్టాను. ఆమెను మంచం మీదికి చేర్చి వాసవికి ఫోన్ చేశాను.

"రా" అన్నాను.

ఆ ఒక్క మాటకే వాసవి భయపడి తండ్రికి చెప్పింది. అందుకే ఆమె వచ్చిన రోజే, ఆమె వెనకాలే ప్రేమ్‌కుమార్ గాడీ కూడా కొండెక్కింది.

వాసవి మిషను మూత విప్పింది. నీళ్లు చూసింది, గ్యాసు చూసింది. గొట్టానికి మీటరు పెట్టింది. "మిషను మంచిగనే ఉన్నది. మట్టి దిక్కు నుంచే ఏం వస్తలేదు. నీళ్లు గడ్డ కడతయని అదే ఆగుతున్నది. గింత తడిమట్టి పెట్టుకొని ఎందుకు రాదు?" అని తనలో తనే అనుకుంటోంది.

ప్రేమ్‌కుమార్ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఫ్రిజ్ తోటి మనిషిని ఎచ్చబెడత అన్నప్పుడే అనుకున్న. ఊరోళ్లు నవ్వుతున్నరే, బిడ్డా."

"నాన్నా, జర సేపు నోరు ముయ్యి."

సావిత్రి దుప్పటిలోంచి తల బయటపెట్టింది. "నా దిక్కు నుంచి ఏం తప్పు లేదే వాసవీ. నేను ఎంత జాగ్రత్త తీసుకున్న! గొట్టాలకు చలెయ్యకుండ కింద గడ్డి, చుట్టూత గడ్డి, మీద మళ్లీ ఊక. దుప్పటి కప్పినట్టే కప్పించిన."

వాసవి చేతిలో మీటరు అట్లాగే ఉండిపోయింది.

"గొట్టాలకా?"

"నువ్వే అంటివి గదా, గడ్డి ఎచ్చదనాన్ని పోనియ్యదని. అరటిగెల మాగబెడితే గడ్డిల ఎంత ఎచ్చగుంటది! మామ సంతకు పోయిండు, పోరగాండ్లు మట్టి పోస్తమంటే నేనే ఆపి దగ్గరుండి కప్పించిన."

"అత్తా..." వాసవి మంచం పక్కన కూలబడింది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. "అరటిగెల తనకు తనే వేడి పుట్టించుకుంటది. గొట్టం ఏం పుట్టిస్తది? దాన్ని ఎచ్చబెట్టాల్సింది మట్టే. మట్టిని ఆనుకొని, తడిల కూరుకపోయి ఉండాలె అది. మధ్యల నువ్వు దుప్పటి కప్పినవు."

"పోనియ్యదంటివి."

"పోనియ్యదు. రానియ్యదు కూడ."

సావిత్రి అప్పటిదాకా ఎత్తి ఉంచిన తలను మెల్లగా దిండు మీద పెట్టుకుంది. "అయితే నా చేతుల నేనే చేసుకున్ననన్న మాట" అంది. అన్న వెంటనే దగ్గు వచ్చింది. అది ఆగేదాకా వాసవి ఆమె వీపు రాసింది.

గడ్డి తీసేసి మళ్లీ పూడిస్తే సరిపోతుంది. కానీ తెరిచి మూసిన మట్టి అది. మాటి తిహార్ చైత్రంలో. చైత్రం దాకా ఆమె ఈ చలిలో ఉండలేదు.

"ఇక మాటల్లేవు" అన్నాడు ప్రేమ్‌కుమార్. మాట మాత్రం మెత్తబడింది. "అక్కా, పెట్టె సర్దుకో. నా ఇంట్ల నీకు ఏం తక్కువ చెయ్య."

"తెలుసురా. సర్దుత." సావిత్రి లేచి శాలువా చుట్టుకుంది. "మొదలు ఆయతు దగ్గరికి పోయొస్త. మట్టిని అట్ల చేసి, చెప్పకుండ పోతనా?"

ఆయతు ఇల్లు ఊరి అవతలి కొసన. సావిత్రి నడిచింది. నేను పీట చంకలో పెట్టుకుని వెనక నడిచాను. నాలుగిళ్లకోసారి ఆగేది, నేను పీట వేసేవాణ్ని. దారిలో మంగి కలిసింది. మంగి వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లంతా గడ్డి పరచడానికి చెయ్యి వేసినవాళ్లే అని అప్పుడు తెలిసింది.

ఆయతు ఎండలో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. సావిత్రి చెప్పడం మొదలుపెట్టింది. ఊపిరి అందక ఆగి, మళ్లీ చెప్పింది. అతను తల ఎత్తలేదు.

"గడ్డి ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

"చలేస్తదని."

"ఎవరికి?"

"గొట్టాలకు."

మంగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయతు పెదవి కూడా కొంచెం కదిలింది కానీ అల్లిక ఆపలేదు. ఒక బద్ద అయిపోయింది. ఇంకోటి తీసుకుని, అంచు చెక్కి, దాన్ని కూడా దూర్చాడు. నేను ఎప్పుడూ ఎవరి ముందూ నిలబడి అడిగినవాణ్ని కాను. నాకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాను.

"ఆయతూ" అన్నాను.

అతను తల ఎత్తి చూశాడు. నేను తర్వాతి మాట వెతుక్కున్నాను. అది దొరకలేదు.

ఆయతు బుట్ట పక్కన పెట్టాడు.

"నేను తెరవొద్దన్నది మట్టిని" అన్నాడు. "గడ్డి మట్టి కాదు, దాని మీద పోసిన మన్ను ఇంక నేలల కలవలే. గడ్డి మట్టికీ మీ గొట్టానికీ నడుమ అడ్డం పడ్డది. అది తీస్తే మట్టి కోపం చెయ్యదు. గడ్డి దాకనే తవ్వాలె. దాని కింద ఒక్క పోటు కూడా పడొద్దు." లోపలికి పోయి తన గడ్డపార తనే తెచ్చుకున్నాడు. "నేను దగ్గరుంట."

కందకం తవ్విన కుర్రాళ్లే మళ్లీ వచ్చి తవ్వకం మొదలుపెట్టారు. గడ్డి కనబడగానే ఆయతు చెయ్యి అడ్డం పెట్టేవాడు. అక్కడి నుంచి ఆడవాళ్లు కిందికి దిగి చేతులతోనే గడ్డి లాగి, ఊక చేటలకెత్తారు. సావిత్రి గట్టు మీద పీట వేసుకుని శాలువాలో ముడుచుకుని కూర్చుంది.

"చూడు సేఠానీ, నీ గొట్టాలు ఎంత సుఖంగా పడుకున్నయో" అని కింది నుంచి మంగి అరిచింది. "లేపబుద్ధి కావట్లే."

"లేపవే, ఏడ్పుమొహందానా!"

జల్లించిన మట్టి పోశారు. ప్రేమ్‌కుమార్ అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి చొక్కా విప్పి కావడి భుజానికెత్తుకున్నాడు. బావి నుంచి నీళ్లు తెచ్చి కందకంలో పోశాడు. "ఇది నీకోసం కాదు. తొందరగ తేలితే మా అక్కను తీసుకపోత" అని కూతురికి చెప్పి మళ్లీ నీళ్లకు పోయాడు. తడిమట్టిని తొక్కాల్సి వచ్చినప్పుడు పిల్లలూ పెద్దలూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని, పండుగకు ఆడినట్టు, వరసగా ముందుకూ వెనక్కీ అడుగులు వేస్తూ కందకం పొడుగునా తొక్కారు. మట్టి గట్టిపడేకొద్దీ అడుగుల చప్పుడు మారింది. ఆయతు చివరన వంగి అరచెయ్యి ఆనించి, చాలన్నాడు.

వాసవి మిషను ఆడించింది. "నేల ఎచ్చబడేందుకు టైం పడతది నాన్నా. ఉండు."

"కొట్టు మూసుకొని వచ్చిన. రేపటి దాక చూస్త. ఎల్లుండి పొద్దుగాల ఎట్లయినా ఘాటీ దిగుత, అక్క తోటి."

సావిత్రి పెట్టె సర్దే ఉంది. దాన్ని ఎవరూ విప్పమనలేదు, ఆమే విప్పలేదు. మరునాడంతా మిషను ఆగకుండా సన్నగా మూలుగుతూ నడిచింది. సాయంత్రానికి నేల చలి విరిగినట్టనిపించింది. అంతకు మించి చెప్పలేను. సావిత్రి నేల మీదే పరుపు వేయించుకుని పడుకుంది. పడుకునేముందు గోడవైపు తిరిగి, "కొట్టు తాళంచెవి ఎక్కడ పెడతవో గుర్తు పెట్టుకో. నేను లేకపోతే ఎతుక్కుంటవు" అంది. నేను ఊఁ అన్నాను.

నాకు ప్రతి చలికాలం సావిత్రి దగ్గే మెలకువ. కోడి కూయకముందే ఆమె దగ్గుతుంది, నేను లేచి నీళ్లు పెడతాను. ఆ రోజు నాకు నేనే లేచాను. కళ్లు తెరిచేసరికి తలుపు సందులో ఎండ కనబడుతోంది. గదిలో చప్పుడు లేదు. పాక్కుంటూ పోయి ఆమె ముక్కు దగ్గర వేళ్లు పెట్టాను. నేల మీద ఆనిన నా రెండో అరచెయ్యి వెచ్చగా ఉన్నదని కూడా అప్పుడు తెలియలేదు.

సావిత్రి కళ్లు తెరవలేదు. "బతికే ఉన్న" అంది. "పండుకోనియ్యి."

దుప్పటి కాళ్ల దగ్గరికి తన్నేసి ఉంది.

నేను తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాను. ప్రేమ్‌కుమార్ మఫ్లర్ చెవులకు చుట్టుకుని గాడీ స్టార్టు చేసి ఉంచాడు. పెట్టె వెనక సీట్లో పెట్టేశాడు. నోట్లోంచి పొగలు వస్తున్నాయి.

"మంచు విడిచింది బావా. అక్కను లేపు, పోదాం."

"నిద్రపోతున్నది" అన్నాను.

"ఎండెక్కిందాక పండుకునే మనిషేనా అది? దగ్గు లేదా?"

నేను గుమ్మానికి అడ్డంగా అట్లాగే నిలబడ్డాను. అతను చెవుల మీది మఫ్లర్ తీసి తలుపువైపు చూశాడు. లోపలి నుంచి ఏమీ వినబడలేదు. చాలాసేపు వినబడలేదు.

ప్రేమ్‌కుమార్ చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపాడు. పెట్టె దించి, చప్పుడు కాకుండా అరుగు మీద పెట్టాడు.